విద్యుత్తు కారు: లాభమెవ్వరిది?

మన పట్టణముల వీథులలో ఆకుపచ్చని నంబరు పలకలు దినదినమునకు హెచ్చుచున్నవి. పలకపై తెల్లని యక్షరములున్నచో అది సొంత కారు. పసుపుపచ్చని యక్షరములున్నచో బాడుగ బండి. చప్పుడు లేదు, పొగ లేదు; వెనుకనుండి వచ్చి ప్రక్కన నిలుచువరకు వచ్చినట్లే తెలియదు. చూచినవారికి ముచ్చట కలుగుట సహజము. పఠనమందిరములలో పత్రికలు మడిచి ప్రక్కనుంచి ఈ కార్లను గూర్చియే వాదించుకొనువారిని మేము చూచుచున్నాము. కిలోమీటరుకు రూపాయి మాత్రమే ఖర్చని యొకరందురు. బ్యాటరీ చెడినచో ఇల్లమ్ముకొనవలసినదే యని వేరొకరందురు. ఇరువురి మాటలోను కొంత నిజమున్నది, కొంత యతిశయోక్తియు నున్నది. వాదము ముదురుటకు కారణమొక్కటే: లెక్కను కాగితముమీద పెట్టినవారు లేరు. ఈ వారము ఆ పని మేము చేయదలచితిమి.

ముందుగా నడపుటకగు ఖర్చు చూతము. 2025వ సంవత్సరములో పెట్రోలు లీటరు హైదరాబాదులో 107 రూపాయల పైచిలుకు, బెజవాడలో 109 రూపాయల ప్రాంతమున నుండెను. ఊరి రద్దీలో చిన్న కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడచుననుకొందము. కంపెనీవారు ప్రకటించు 20, 22 అను అంకెలు పరీక్షశాలలో తీసినవేగాని, బెజవాడ వన్‌టౌనులోనో, హైదరాబాదు కోఠీలోనో తీసినవి కావు. నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు వచ్చిన పిదప ఆ 15 కూడ తగ్గినదని కారుగలవారు గొణుగుచున్నారు. ఇథనాలులో పెట్రోలుకంటె వేడిమి మూడవవంతు తక్కువ గనుక ఆ గొణుగుడు నిరాధారము కాదు. అయినను 15 లెక్కనే పట్టుదము. బెజవాడ ధరకు కిలోమీటరు ఒక్కింటికి 7 రూపాయల 25 పైసలు దాటుచున్నది.

విద్యుత్తు కారు నూరు కిలోమీటర్లకు ఇంచుమించు 16 యూనిట్ల కరెంటు త్రాగును. ఇది గోడకున్న ప్లగ్గువద్ద కొలిచిన లెక్క. ఛార్జి చేయునపుడు వేడియై వృథాగా పోవు భాగము కూడ ఇందులో చేరియున్నది. ఆంధ్రప్రదేశములో 2025లో ఇంటి కరెంటు నెలకు 225 యూనిట్లు దాటిన పిదప యూనిటు 8 రూపాయల 75 పైసలు, 400 దాటిన పిదప 9 రూపాయల 75 పైసలు. కారు ఛార్జి చేయు ఇల్లు చాలవరకు ఆ పై స్లాబులలోనే పడును. యూనిటు 9 రూపాయలని పట్టినచో కిలోమీటరుకు రూపాయి 45 పైసలకు మించదు. అనగా ఇంట ఛార్జి చేసికొనువానికి కిలోమీటరు ఒక్కింటికి 5 రూపాయల 80 పైసలు మిగులును. ఇది చిన్న మొత్తము కాదు.

ఇంతవరకు చదివి కార్ల షోరూమునకు బయలుదేరవద్దని మా మనవి. నడపుటకు ముందు కొనవలెను గదా! ఒకే తరగతికి చెందిన రెండు కార్లలో విద్యుత్తు కారు వెల మూడు మొదలు నాలుగైదు లక్షల వరకు ఎక్కువగా నున్నది. ఈ వ్యత్యాసములో అధికభాగము బ్యాటరీదే. 2010 ప్రాంతమున ఒక యూనిటు కరెంటు నిలువచేయు బ్యాటరీ వెల ప్రపంచ సగటున వేయి డాలర్లకు పైబడియుండెను. 2024 నాటికి 115 డాలర్లకు దిగినది. అంత దిగినను 30 యూనిట్ల బ్యాటరీకి మూడు లక్షల రూపాయల దరిదాపు కావలసినదే. మనము పెచ్చు ధరను మూడున్నర లక్షలని పట్టుదము. అప్పు తెచ్చినను, సొంత సొమ్మునే వెచ్చించినను, నూటికి 9 వంతున దానిపై ఏడాదికి 31,500 రూపాయల వడ్డీ యగును. కారు కొట్టువారు చేతికిచ్చు కాగితములో ఈ వడ్డీ గడి కనబడదు.

ఇక మనకందరకు ఎరుకైన ముగ్గురు మనుష్యులను తీసికొందము.

మొదటివాడు ఉద్యోగి. వారమంతయు స్కూటరుమీదనే కచేరీకి పోవును. కారు బయటికి తీయునది ఆదివారములందు, పెండ్లిండ్లకు, పండుగకు అత్తవారింటికి. నెలకు 400 కిలోమీటర్లు, ఏడాదికి ఎంత పెంచి చెప్పినను 5,000. అతని మిగులు 29,000 రూపాయలు. వడ్డీ 31,500! సర్వీసింగులో మిగులు నాలుగైదు వేలు కలిపినచో వడ్డీకి చాలి, చాయ్ ఖర్చులకు మిగులును. పెచ్చుపెట్టిన అసలు చెక్కుచెదరక అట్లేయుండును. పొరుగింటి పోర్టికోలో ఆకుపచ్చ పలకను చూచి, ఉన్న పెట్రోలు కారును అగ్గువకు తెగనమ్మి, అయిదేండ్ల కిస్తీలు నెత్తిన వేసికొనునది తరచుగా ఇతడే. రెండవచేతి విపణిలో విద్యుత్తు కారు విలువ పెట్రోలు కారుకంటె వేగముగా పడిపోవుటయు ఇతడు ముందుగా తెలిసికొనడు.

రెండవవాడు గుంటూరులో కాపురముండి బెజవాడలో వ్యాపారము చేయువాడు. నెలకు వేయి కిలోమీటర్లు, ఏడాదికి 12,000. మిగులు 70,000 రూపాయల దరిదాపు. వడ్డీతోగూడ పెచ్చు తీరుటకు ఇంచుమించు ఏడేండ్లు పట్టును. బ్యాటరీకి కంపెనీలు సాధారణముగా నిచ్చు హామీ 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు. హామీ ముగియుటకు ఏడాది ముందు అతడు ఒడ్డున పడును. లాభమున్నది, కాని దానికి నిదానము కావలెను.

మూడవవాడు బాడుగ కారు నడుపువాడు. దినమునకు 150 కిలోమీటర్లు, ఏడాదికి 45,000. ఇంటివద్ద ఛార్జి చేసికొనగలిగినచో అతనికి సాలుకు 2,60,000 రూపాయలు మిగిలి, ఏడాదిన్నరలో పెచ్చంతయు తీరిపోవును. కాని ఇంటివద్ద ప్లగ్గెక్కడ? అతడుండునది అద్దెగది; బండి నిలుచునది సందుమొగను. కావున వీథి ఛార్జింగు కేంద్రమే గతి. ఆ కేంద్రములకు విద్యుత్సంస్థలు 2025లో 7 రూపాయలలోపుననే యూనిటు నిచ్చుచుండెను. యంత్రము వెల, స్థలము అద్దె, జి.ఎస్.టి., నిర్వాహకుని లాభము చేరి, అది బండివాని చేతికి వచ్చునప్పటికి 20 రూపాయల ప్రాంతమగుచున్నది. కిలోమీటరుకు 3 రూపాయల 20 పైసలు. అట్లయినను సాలుకు 1,80,000 మిగిలి రెండేండ్ల పైచిలుకులో పెచ్చు తీరును. కాని వరుసలో నిలిచిన గంట యతని కూలిలో కోత. మధ్యాహ్నము మంచి బేరము వచ్చువేళ బండి ప్లగ్గునకు కట్టుబడియుండును.

ఇందులోని విపరీతమును పాఠకులు గమనింపవలెను. చౌక కరెంటు ఇంట గలవాడు తిరుగడు. తిరుగువానికి ఇంట కరెంటు లేదు. ప్రభుత్వము చేయు సహాయమైనను ఈ వంకరను సరిదిద్దుచున్నదా? 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. నూటికి 18, పెద్దవానిపై 40. విద్యుత్తు కారుపై నూటికి 5 మాత్రమే. అది ఎనిమిది లక్షల కారైనను, కోటి రూపాయల కారైనను అంతియే. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరునుండి 2026 డిసెంబరు ఆఖరువరకు విద్యుత్తు బండ్లకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీ చేసినది. బాడుగ కార్లు, ఆటోలు కూడ ఇందులో చేరుట మెచ్చదగినదే. కాని ధర హెచ్చినకొలది మాఫీయగు పన్నును హెచ్చును గనుక, పెద్ద కారుగలవానికే పెద్ద వాటా దక్కుచున్నది. ఈ విషయమున కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరులో 10,900 కోట్ల రూపాయలతో నారంభించిన పీ.ఎం. ఇ-డ్రైవ్ పథకమే నయము. అది సొంత కార్లకు ధనసహాయము నీయక ద్విచక్రవాహనములకు, మూడు చక్రముల బండ్లకు, బస్సులకు, లారీలకు, అంబులెన్సులకు ఇచ్చుటకు ఏర్పడినది.

మరియొక సంగతి. లీటరు పెట్రోలు ధరలో కేంద్రపు ఎక్సైజు, రాష్ట్రపు వ్యాటు కలిసి నూటికి 45 పాళ్ళ దరిదాపున నున్నవి. కారువాడు కిలోమీటరుకు మిగిల్చుకొనుచున్న 5 రూపాయల 80 పైసలలో సగమునకు పైగా పూర్వము ఖజానాకు చేరుచుండిన సొమ్మే. పెట్రోలు వాడకము తగ్గిననాడు ఆ లోటును ప్రభుత్వములు చేతులు ముడుచుకొని చూచునని నమ్మువారు మా పాఠకులలో నుండరనుకొందుము. నేటి మిగులు పదేండ్లు ఇట్లే నడచునని లెక్క వేసికొనుట తెలివి కాదు.

ఖర్చు మాట అటుంచి శక్తి మాట చూతము. లీటరు పెట్రోలులో 9 యూనిట్ల వేడిమి యున్నది. నూరు కిలోమీటర్లకు పట్టు ఆరున్నర లీటర్ల పైచిలుకు పెట్రోలులో ఇంచుమించు 60 యూనిట్లు. ఊరి రద్దీలో అందు చక్రములకు చేరునది ఐదవవంతో, నాలుగవవంతో; తక్కినదంతయు రేడియేటరునుండియు పొగగొట్టమునుండియు గాలి పాలగును. బ్రేకు నొక్కినపుడు బండి సంపాదించిన వేగము కూడ వేడియై పోవును. విద్యుత్తు కారులో అట్లు కాదు. బ్రేకు వేసినపుడు మోటారే డైనమోగా మారి కొంత కరెంటును తిరిగి బ్యాటరీకి పంపును. 60 యూనిట్లు పట్టుచోట 16 యూనిట్లు చాలుటకు కారణమిది. నాలుగవవంతు శక్తితో అదే ప్రయాణమని ప్రకటనలవారు చెప్పునది ప్లగ్గువరకు సత్యమే.

ప్లగ్గు వెనుకకు పోయి చూచినవారు తక్కువ. మన దేశమున పుట్టు కరెంటులో నాలుగింట మూడువంతులు బొగ్గునుండి వచ్చుచున్నది. రామగుండములోగాని, బెజవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నములోగాని కాలిన బొగ్గు వేడిమిలో మూడవవంతుకంటె కొంచెమెక్కువ మాత్రమే కరెంటగును. తీగలలో ఆరవవంతు పోవుననుకొన్నచో, ప్లగ్గువద్ద 16 యూనిట్లు రావలెనన్న కేంద్రమువద్ద 19 యూనిట్లు పుట్టవలెను. అందుకు 55 యూనిట్ల వేడిమిగల బొగ్గు కాలవలెను. పెట్రోలు లెక్క 60, బొగ్గు లెక్క 55! ముడినూనెను శుద్ధిచేయుటకును, పెట్రోలును బంకుకు చేర్చుటకును పట్టు శక్తిని కలిపినను, అచ్చముగా బొగ్గు కరెంటుతో నడచు కారు చేయు పొదుపు ప్రకటనలలో కనబడునంత లేదు. బీసెంటు రోడ్డులో వెడలవలసిన పొగ ఇబ్రహీంపట్నపు గొట్టమునుండి వెడలుచున్నది. రోడ్డుమీది వారి ఊపిరితిత్తులకు ఇది మేలే. ఇబ్రహీంపట్నమువారిని కూడ అడిగి చూడవలెను.

అయితే మిగిలిన నాలుగవవంతు కరెంటు నీటినుండి, గాలినుండి, ఎండనుండి, అణుశక్తినుండి వచ్చుచున్నదిగదా. దానిని చేర్చుకొని చూచినచో దేశపు సగటున యూనిటు కరెంటుకు 700 గ్రాముల పైచిలుకు బొగ్గుపులుసుగాలి పుట్టుచున్నది. నూరు కిలోమీటర్లకు విద్యుత్తు కారు పేర 14 కిలోలు, పెట్రోలు కారు గొట్టమునుండియే 15 కిలోలకు పైగా. శుద్ధికర్మాగారపు పొగ దీనికి వేరు. నేటికి వ్యత్యాసము కొద్దిదే. కాని పెట్రోలు కారు కొన్ననాడెట్లో పదేండ్లకును అట్లే. విద్యుత్తు కారో, దేశమున సౌరవిద్యుత్తు పెరిగినకొలది తానున్నచోటనే శుభ్రపడును. కర్నూలు జిల్లాలో 2017లో పూర్తియైన వేయి మెగావాట్ల సౌరక్షేత్రమును చూచినవారికి మన రాయలసీమ ఎండ యేమి చేయగలదో తెలియును. ఆ ఎండ పగలు కాయును. కారు ప్లగ్గు పెట్టునది రాత్రి ఏడు గంటలకు! ఇంటిల్లిపాది దీపములు, ఏసీలు వేసికొను వేళకే కారును చేరినచో అది త్రాగునది బొగ్గే. పగలు కార్లు నిలుచు చోట్ల, అనగా కచేరీలవద్ద, అంగళ్లవద్ద, రైలుస్టేషనులవద్ద, ఆసుపత్రులవద్ద ప్లగ్గులున్నచో ఎండ కరెంటు బండిలోనికి పోవును. ఖర్చు లెక్క మనలను వీథి ప్లగ్గువద్దకే చేర్చినది. శక్తి లెక్కయు అచ్చటికే చేర్చినది.

ఇంత లెక్క వేసినవారు మీరు విద్యుత్తు కారునకు ప్రతికూలురా యని యడుగవచ్చును. కాము. మేము దానిని కోరుటకు కారణము వేరు. మన దేశము వాడు ముడినూనెలో నూటికి 85 పాళ్ళకు పైగా పరదేశములనుండి వచ్చునదే. 2023-24లో ఇంచుమించు 23 కోట్ల టన్నులు దిగుమతియై, 13,000 కోట్ల డాలర్లకు పైగా వెచ్చమైనది. ఏ సముద్రములో కల్లోలము రేగినను మన బంకులవద్ద గుండెలు కొట్టుకొనుచున్నవి. బొగ్గు చెడ్డదైనను సింగరేణిది, ఎండ మనది, కృష్ణా గోదావరుల నీరు మనది. ఆ మేరకు విద్యుత్తు బండి స్వదేశివ్రతమే.

ఆ మేరకే! బ్యాటరీలోని సెల్లులు ఇంచుమించు అన్నియు దిగుమతి సరుకే; అందు అధికభాగము చీనాది. 2025 ఏప్రిలులో చీనా ప్రభుత్వము మోటార్లకు కావలసిన అపురూప లోహముల అయస్కాంతములపై ఆంక్ష విధింపగనే మన కార్ల కర్మాగారములు తల్లడిల్లినవి. మాంచెస్టరు గుడ్డను తగులబెట్టి, మాంచెస్టరు నూలుతో మన మగ్గముపై నేసిన గుడ్డను కట్టుకొన్నట్లున్నది వ్యవహారము. న్యాయముగా ఒక భేదము చెప్పవలెను. దిగుమతియైన నూనె కాలిపోయి మరల కొనవలసినదే. దిగుమతియైన బ్యాటరీ ఎనిమిది, పదేండ్లు పనిచేసి, అటుపై తనలోని లోహములను తిరిగి ఈయగలదు. అయినను సెల్లు ఇచ్చట పుట్టువరకు పని సగమే. విద్య మనకు కొత్తది కాదు: బెంగుళూరువారు 2001లోనే రేవా యను చిన్న విద్యుత్తు కారును చేసి లండనులో సయితము అమ్మిరి. సెల్లుల తయారీకై కేంద్రము 2021లో 18,100 కోట్ల ప్రోత్సాహకమును ప్రకటించి, సాలుకు 5 కోట్ల యూనిట్ల నిలువ గల బ్యాటరీలు దేశమున తయారు కావలెనని కోరెను. 2025 నాటికి అందు తీరినది స్వల్పభాగమే. మహబూబునగరము చెంత దివిటిపల్లిలో అమరరాజావారి బ్యాటరీ కర్మాగారమునకు 2023 మే నెలలో పునాది పడినది. అచ్చట పుట్టు ప్రతి సెల్లును ఆకుపచ్చని పలకలకంటె ఎక్కువ శ్రద్ధతో మనము లెక్కపెట్టవలసియున్నది.

మరి నూనె దిగుమతి తగ్గింపదలచినవారు కారునే పట్టుకొని వ్రేలాడుటయు వింతయే. 2014లో కేంద్ర పెట్రోలియం శాఖ ప్రకటించిన పరిశీలన ప్రకారము దేశపు పెట్రోలులో నూటికి 61 పాళ్ళు ద్విచక్రవాహనములు త్రాగుచుండెను, కార్లది మూడవవంతు. డీజెలు సంగతికి వచ్చినచో లారీలు, బస్సులు. నలువదిమంది నెక్కించుకొన్న విద్యుత్తు బస్సు కిలోమీటరుకు యూనిటో, యూనిటుంబావో త్రాగును. తలకు లెక్కించినచో నూరు కిలోమీటర్లకు మూడు యూనిట్లు. ఒక్కడు కూర్చుండి నడుపు కారునకు 16! 2022నుండి తిరుపతి తిరుమలల నడుమ ఆర్టీసీ విద్యుత్తు బస్సులు తిరుగుచున్నవి. కొండ దిగునపుడు పూర్వము బ్రేకులు కాలి కమురు కంపు కొట్టుచుండెను. ఇప్పుడు అదే దిగుడు కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి యిచ్చుచున్నది. ఏడుకొండలవాని సన్నిధి కింతకంటె తగిన బండి యేమున్నది?

కావలసినది చెప్పి ముగింతము. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2019లో సవరించిన మాదిరి భవననిబంధనలు, కొత్త కట్టడములలో బండ్లు నిలుచు స్థలమున నూటికి 20 పాళ్ళు ఛార్జింగు వసతి యుండవలెనని చెప్పినవి. మన పురపాలకసంఘములు ప్లానుపై ముద్ర వేయునపుడు ఆ గీతలను చూచుచున్నవా, కట్టడము ముగిసిన పిదప ప్లగ్గులను చూచుచున్నవా? పాత అపార్టుమెంట్లలో ఒక యజమాని తన మీటరునుండి తీగ లాగుకొందునన్నచో అగ్నిభయమని సంఘమువారు అడ్డుపడుచున్నారు. భయము కల్ల కాదు గనుక, విద్యుత్సంస్థ ఇంజనీరు వచ్చి చూచి సరియైన తీగ, సరియైన బ్రేకరు వేయించు ఏర్పాటుండవలెను. కోటి రూపాయల కారునకును ఐదు పాళ్ళే యను పన్నునకు ఒక ధరమితి పెట్టి, దానివలన వచ్చు సొమ్మును ఆటో స్టాండులలో, టాక్సీలు నిలుచు చోట్ల, ఆర్టీసీ ఆవరణలలో ప్లగ్గులకు వెచ్చింపవలెను. కేంద్రమునకు 7 రూపాయలలోపున వచ్చు యూనిటు బండివానికి 12 రూపాయలు దాటకుండునట్లు చేయుట పురపాలకసంఘము తన స్థలము నిచ్చినచో అసాధ్యము కాదని మా నమ్మకము. యూనిటు 12 రూపాయలైనచో పైన చెప్పిన బాడుగ కారువానికి ఏడాదికి 57,000 రూపాయలు అదనముగా చేతికి వచ్చును. రాబోవు బడ్జెట్లలో బెజవాడ, గుంటూరు, రాజమహేంద్రవరము, ఓరుగల్లు పురపాలకులు ఈ పద్దుక్రింద ఎంత వ్రాసెదరో మేము చూచి ఈ పుటలోనే ప్రకటింపగలము.